రాత్రి ఫోన్ ఎవరికి వెళుతుంది?

(నెల్లూరులో విశ్వవిద్యాలయాల, కళాశాలల సాంకేతిక సిబ్బంది సమావేశంలో పదవీ విరమణ చేసిన ఒక సిస్టమ్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసల్లోని ఆచార్యులకు, వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ప్రోగ్రామర్లకు, టెక్నికల్ అసిస్టెంట్లకు నమస్కారం. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చినవారు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. నాకు అప్పగించిన అంశం ఆహ్వాన పత్రికలో “ఉన్నత విద్యాసంస్థల సాంకేతిక నాయకత్వంలో వైవిధ్యం, సమ్మిళితత్వం” అని అచ్చయింది. మొదటి మాట సరే. రెండో మాటను నేను పత్రికల్లో చదివానే గాని మనుషుల నోట వినలేదు. మన వాడుకలో దాన్ని “కలుపుకొని పోవడం” అంటాం. ఆ మాటలోనూ ఒక చిక్కు ఉంది. కలుపుకొనేవారు ఎప్పుడూ గడప లోపలే ఉంటారు, కలవవలసినవారు ఎప్పుడూ బయటే నిలబడి ఉంటారు. ఈరోజు నేను ఆ గడప గురించి మాట్లాడదలచుకున్నాను. మన వృత్తిలో ఆ గడప సర్వర్ గదిది.

ముందుగా, విశ్వవిద్యాలయంలో సాంకేతిక నాయకులంటే ఎవరో చెప్పుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో అందుకు సీఐఓ, అంటే చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ అనే ప్రత్యేకమైన పదవి ఉంటుంది. ఆ పదవిలో ఉన్నవారు చాలాచోట్ల విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుల హోదాలో కూర్చుంటారు. అక్కడి విశ్వవిద్యాలయాల కంప్యూటర్ విభాగాలవారికి ఎడ్యుకాజ్ అనే సంఘం కూడా ఉంది. అంతకుముందు విడివిడిగా పనిచేస్తున్న రెండు సంస్థలు 1998లో కలిసిపోయి అది ఏర్పడింది. మన దగ్గర పరిస్థితి వేరు. మన కంప్యూటర్ సెంటర్ డైరెక్టరు సాధారణంగా ఏదో ఒక శాఖలో పాఠాలు చెప్పే ఆచార్యుడు. ఆయనకు ఉపకులపతి ఒక ఉత్తర్వు ద్వారా అదనపు బాధ్యత అప్పగిస్తారు. ఆయన కింద సిస్టమ్ మేనేజరు, సిస్టమ్ ఎనలిస్టు, ప్రోగ్రామర్లు, వారి కింద అవుట్‌సోర్సింగ్ సిబ్బంది ఉంటారు. కాగితం మీద ఉన్న వరుస ఇది. అసలైన వరుస వేరే ఉంది. సర్వర్ మొత్తాన్నీ తెరిచే రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, కొనుగోలు కమిటీలో ఎవరు కూర్చుంటారు, అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే రిజిస్ట్రారు ఎవరికి ఫోన్ చేస్తారు అనే మూడు ప్రశ్నలు అడిగితే ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఆ అసలు వరుస బయటపడుతుంది. మూడింటిలో చివరిదే ముఖ్యమైనదని ముప్పై ఏళ్ల అనుభవం నాకు నేర్పింది. ఫోన్ అందుకున్న మనిషికి పాస్‌వర్డ్ ఇవ్వక తప్పదు, పాస్‌వర్డ్ తెలిసిన మనిషిని కమిటీలో వేయక తప్పదు.

నా సంగతే చెబుతాను. నేను ప్రోగ్రామరుగా చేరినప్పుడు పనిచేసే చోట కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. ఫలితాలను లైన్ ప్రింటరు మీద, అంచుల్లో చిల్లులున్న కాగితం మీద తీసేవాళ్లం. 2004 వేసవిలో డిగ్రీ ఫలితాలు మరునాడు ఉదయం వెల్లడి కావలసి ఉండగా రాత్రి పదకొండు దాటాక యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. కరెంటు తిరిగి వచ్చింది గాని డేటాబేస్ మాత్రం లేవలేదు. ఆ డేటాబేస్‌లో ప్రతి పట్టికనూ తయారు చేసింది నేను. అది ఎక్కడ మొరాయిస్తుందో, ఏ లాగ్ ఫైలు తీసి చూడాలో నాకు కంఠతా వచ్చు. అయినా ఫోన్ నాకు రాలేదు. రెండేళ్ల సర్వీసు కూడా నిండని, క్యాంపస్ వెనుక గది అద్దెకు తీసుకుని ఉంటున్న ఒక కుర్రవాడికి వెళ్లింది. పాపం, తెల్లవారుజాము నాలుగు గంటల దాకా అతను కుస్తీ పట్టి ఎలాగో నిలబెట్టాడు. నన్ను పిలిస్తే అది అరగంట పని. ఉదయం నేను వెళ్లి విషయం తెలుసుకొని అడిగితే, మా డైరెక్టరు గారు ఎంతో ఆదరంగా, “అర్ధరాత్రి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని పిలవలేదమ్మా” అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట తూలనాడలేదు. ఆయన మనసులో ఉన్నది నూటికి నూరుపాళ్లు దయే. ఆ దయ నా మీద చూపే ముందు, “అమ్మా, రాత్రిపూట రాగలవా?” అని ఒక్కసారి అడగలేదు, అంతే. అడిగి ఉంటే మా అత్తగారే నాకంటే ముందు జవాబు చెప్పేది. “పోయిరామ్మా, పిల్లోడు నా దగ్గర పడుకుంటాడు, మీ మామను తోడు తీసుకోని పో” అనేది. ఆ ఇంట్లో నన్ను ఆపేవారెవరూ లేరు. ఆపినవారంతా మా ఆఫీసులోనే ఉన్నారు, వాళ్లంతా నన్ను గౌరవించేవారే.

ఆ తర్వాత ఆరేళ్లకు పై పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది. కమిటీలో ఒక పెద్దమనిషి ఆసక్తిగానే ఒక ప్రశ్న వేశారు: “అత్యవసర పరిస్థితుల్లో మీరు సొంతంగా నిర్ణయం తీసుకొని నడిపించిన సందర్భం ఒకటి చెప్పండి.” నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ ఆరేళ్లలో వచ్చిన ప్రతి అత్యవసరం నేను నిద్రపోతుండగానే వచ్చి వెళ్లిపోయింది. పోస్టు ఎవరికి వచ్చిందో మీరు ఊహించగలరు. అతని మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. రాత్రుళ్లు మేలుకొన్నది అతనే, నేర్చుకున్నదీ అతనే.

ఆడవాళ్లను రాత్రి పనికి పిలవకూడదనే ఈ ఆలోచనకు మన దేశంలో పాత మూలం ఉంది. 1948 నాటి కర్మాగారాల చట్టం రాత్రి 7 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా స్త్రీలను పనిలో పెట్టుకోరాదని రాసింది. ఆనాటి మిల్లుల పరిస్థితి చూస్తే అలా రాయడానికి కారణం లేకపోలేదు. ఇటీవల చాలా రాష్ట్రాలు రవాణా, భద్రత ఏర్పాట్ల షరతులతో ఆ నిషేధాన్ని సడలించాయి. విశ్వవిద్యాలయానికి ఆ చట్టం ఎన్నడూ వర్తించలేదు. అయినా మన కంప్యూటర్ సెంటర్లలో దాన్ని కాగితం మీద లేని నియమంగా పాటిస్తూనే ఉన్నాం. కాగితం మీద ఉన్న నియమాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు. మర్యాద రూపంలో ఉన్నదాన్ని ఎక్కడ సవాలు చేస్తాం?

ఇక్కడ రిజర్వేషన్ల మాట వస్తుంది. “మన దగ్గర రోస్టర్ ఉంది కదా, అమెరికావాళ్లలాగా మనకు ప్రత్యేకంగా వైవిధ్యం గోల ఎందుకు?” అని నన్ను అడిగినవారున్నారు. రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో ముందే చెప్పే వరుస జాబితా, ఉన్నమాట నిజమే. అది లేకపోతే ఈ గదిలో సగంమంది ఉండేవారు కాదు. బహుశా నేనూ ఉండేదాన్ని కాదు. మనది పాత మద్రాసు రాష్ట్రంలోని ప్రాంతం. మద్రాసులో కులాలవారీగా సీట్లు పంచిన కమ్యూనల్ జీవో మీద చంపకం దొరైరాజన్ వేసిన కేసు, దాని వెంటనే 1951లో వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ, వెనుకబడినవారికి ప్రత్యేక ఏర్పాట్లకు వీలు కల్పిస్తూ 15వ అధికరణంలో చేరిన నాలుగో క్లాజు, ఇవన్నీ మన తాతల ఇళ్లలో మాట్లాడుకున్న సంగతులు. మన రాష్ట్ర నియామకాల్లో షెడ్యూల్డు కులాలకు 15 శాతం, తెగలకు 6 శాతం, వెనుకబడిన తరగతులకు వర్గాలవారీగా వాటా, ఈ వర్గాలన్నిటిలోనూ మహిళలకు మూడింట ఒక వంతు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించమంటుంది. ఇవన్నీ మంజూరైన పోస్టులకు, పత్రికా ప్రకటన ఇచ్చి చేసే నియామకాలకు వర్తిస్తాయి. కంప్యూటర్ సెంటర్ డైరెక్టరు పదవి మంజూరైన పోస్టు కాదు, అదనపు బాధ్యత. నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి, వెబ్‌సైట్ కమిటీ కన్వీనరు, విశ్వవిద్యాలయ పాలనా పనులు నడిపే సమర్థ్ వంటి పోర్టల్‌కు నోడల్ అధికారి పదవులు ఒక్క పేజీ ఉత్తర్వుతో వస్తాయి, మరో ఉత్తర్వుతో పోతాయి. వీటికి రోస్టర్ పాయింటు లేదు, దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ కూడా లేదు. నాయకత్వమంతా ఈ ఒక్క పేజీ ఉత్తర్వుల్లోనే ఉంది. రోస్టర్ మనల్ని భవనంలోకి తీసుకువచ్చింది, సర్వర్ గది దాకా తీసుకుపోలేదు.

అంకెల విషయానికి వస్తే, 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది విద్యార్థుల్లో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. అధ్యాపకుల్లో ప్రతి 100 మంది పురుషులకు 77 మంది స్త్రీలు ఉన్నారు. ఈ అంకెలు చూసి మనం సంతోషించవచ్చు. ఆ సర్వేలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో అడిగే గడి మాత్రం లేదు.

ఒంగోలు వైపు నుంచి వచ్చినవారికి చెప్పనక్కరలేదు గాని, పొగాకు సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి. కందుకూరు, టంగుటూరు, కొండపి పల్లెల్లో పొగాకు కాల్చే బ్యారన్ నుంచి దిగిన ఆకును రంగు చూసి, మచ్చ చూసి, పట్టుకొని చూసి గ్రేడు కట్టేది ఆడవాళ్లు. ఆ కంటిచూపు ఏ యంత్రానికీ రాదని రైతులే అంటారు. అదే ఆకు బేలుగా, అంటే పెద్ద కట్టగా, వేలం కేంద్రానికి వెళ్లాక అక్కడ ధర పెట్టేవారిలో, కొనేవారిలో, అమ్మేవారిలో మగవాళ్లే కనిపిస్తారు. ఆకు విలువను చేత్తో తేల్చినామె ఆ విలువకు ధర పెట్టేచోట ఉండదు. మన పరీక్షల విభాగానికి వెళ్లి చూడండి. మార్కులు ఎక్కించడం, తప్పులు పట్టడం, హాల్ టికెట్ల ఫోటోలు సరిచూడడం వంటి పనుల దగ్గర ఆడపిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. పక్క గదిలో కొత్త సాఫ్ట్‌వేర్ టెండరు తెరుస్తున్నప్పుడు తలుపు సందులోంచి చూడండి, అక్కడ ఎవరు ఉన్నారో మీకే తెలుస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో లోపం ఎక్కడుందో రోజూ వెయ్యిసార్లు మౌస్ నొక్కిన అమ్మాయికి తెలుసు. టెండరు షరతుల్లో ఆమె మాట ఒక్కటీ ఉండదు.

ఇప్పటిదాకా నాకు జరిగింది చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. నేను సిస్టమ్ మేనేజరు అయ్యాక మా దగ్గరికి కనిగిరి ప్రాంతం నుంచి ఒక అబ్బాయి టెక్నికల్ అసిస్టెంటుగా వచ్చాడు. అక్కడి నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలను ఏం చేస్తుందో మీకు తెలుసు. అతను రెండు ఊతకర్రలతో నడిచేవాడు. నెట్‌వర్క్ పనిలో దిట్ట. హైదరాబాదులో ఫైర్‌వాల్ మీద వారం రోజుల శిక్షణకు ఒకరిని పంపమని ఉత్తరం వచ్చినప్పుడు, రైలెక్కి దిగడం, అంత దూరం ఒంటరిగా ఉండడం కష్టమని నాకు నేనే అనుకొని వేరే అతన్ని పంపాను. మరుసటి ఏడాదీ అదే చేశాను. మూడో ఏడు అతనే నా గదికి వచ్చి, “మేడమ్, ప్రతి నెలా మా ఊరికి రెండు బస్సులు మారి పోయి వస్తున్నాను. హైదరాబాదుకు ఒక్క రైలే కదా” అన్నాడు. మా డైరెక్టరు గారు నా మీద చూపిన దయనే నేను అచ్చంగా అతని మీద చూపానని ఆ క్షణంలో తెలిసింది. దివ్యాంగుల చట్టం “సహేతుకమైన సర్దుబాటు” చేయమంటుంది. సర్దుబాటు చేయాలంటే ముందు మనిషిని అడగాలి. మనం ఊహించుకొని ఇచ్చేది సర్దుబాటు కాదు, అది మినహాయింపు.

అడగకపోవడం వల్ల నష్టపోయేది ఆ ఒక్క మనిషే అయితే దీన్ని సొంత బాధగా చెప్పి ఊరుకోవచ్చు. అయితే సాంకేతిక నాయకులు తీసుకొనే చిన్న నిర్ణయాలు వేలమంది మీద పడతాయి. మన సర్క్యులర్ల సంగతే తీసుకోండి. చూపులేని అధ్యాపకులు ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకొని తెర మీద ఉన్నదాన్ని వింటారు. దాన్ని ఒక చూపులేని ఆస్ట్రేలియా యువకుడు 2006లో మొదలుపెట్టి, తనలాగే చూపులేని మిత్రుడితో కలిసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు ఉంటే అది తెలుగునూ చదువుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. అయినా నిన్నమొన్నటిదాకా మన ఆఫీసుల్లో ఉత్తర్వులు అను ఫాంటుల్లో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టేవారు. అను ఫాంటులో మన కంటికి కనిపించేది తెలుగు గాని, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. చదివే సాఫ్ట్‌వేర్‌కు అది అర్థంలేని గోల. స్కాన్ చేసిన బొమ్మ అయితే ఆ గోల కూడా ఉండదు, నిశ్శబ్దమే. మా దగ్గర ఒక అధ్యాపకుడు దివ్యాంగుల వాహన భత్యం గురించిన సర్క్యులరును తన విద్యార్థి చేత చదివించుకోవలసి వచ్చింది. ఆ ఫైలు మీద నా సంతకం కూడా ఉంది. అది బొమ్మ అని నాకు తట్టలేదు. నా కళ్లకు అది కనిపిస్తూనే ఉంది కదా.

దరఖాస్తు ఫారాల్లోనూ ఇదే జరుగుతుంది. మన తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. బయటి నుంచి కొన్న సాఫ్ట్‌వేర్ ఇంటిపేరును చివర అడుగుతుంది. పెళ్లయి ఇంటిపేరు మారిన అమ్మాయికి పదో తరగతి మార్కుల జాబితాలో ఒక పేరు, డిగ్రీ పట్టాలో మరొక పేరు వచ్చి, ఆ తేడాను సరిచేసుకోవడానికి అఫిడవిట్లు పట్టుకొని తిరగడం మీరంతా చూశారు. తండ్రి పేరు రాయకపోతే ముందుకు కదలని ఫారం ఒకటి మా దగ్గర చాలాకాలం ఉండేది. తల్లి ఒక్కతే పెంచిన ఒక విద్యార్థిని ఆ గడిలో “లేదు” అని రాసింది. హాల్ టికెట్ మీద ఆమె పేరు కింద “తండ్రి: లేదు” అని అచ్చయి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో తీర్పు చెప్పిన తర్వాత కూడా పురుషుడు, స్త్రీ అనే రెండు చుక్కల ఫారాలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. ఇవేవీ ద్వేషంతో చేసినవి కావు. ఆ ఫారాన్ని ఖాయం చేసిన బల్ల చుట్టూ, ఆ గడి ముందు ఒక్కసారైనా చెయ్యి ఆగిన మనిషి లేకపోవడం వల్ల జరిగినవి. నా సర్వీసులో ఆ బల్ల దగ్గర యానాది కుటుంబం నుంచి వచ్చిన ఒక్కరిని కూడా నేను చూడలేదు. యానాదులు ఇంతమంది ఉన్న జిల్లాలో ముప్పై ఏళ్లు పనిచేసి ఈ మాట చెప్పడం నాకు సిగ్గుగానే ఉంది.

అమెరికా గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అక్కడ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్యం కోసం పెట్టిన కార్యాలయాలను టెక్సాస్ రాష్ట్రం తన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 2024 జనవరి 1 నుంచి చట్టం చేసి మూయించింది. దానికి ముందు ఏడాది ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. విధానంగా పెట్టుకున్నదాన్ని ప్రభుత్వం మారితే తీసేయవచ్చు. మన దగ్గర అది రాజ్యాంగంలో ఉంది కాబట్టి అంత తేలికగా పోదు. మన కష్టం ఇంకోటి. తీసేయడానికి కూడా అందని చోట, ఎక్కడా రాయని చోట మన అసమానత దాక్కొని ఉంది.

ఇప్పుడు కొందరు అడుగుతారు, “సరే, ఏం చేయాలి? మహిళలకు నాయకత్వ శిక్షణ పెడదామా?” అని. పెట్టవద్దని అనను గాని, నాకు ఆ శిక్షణల మీద పెద్ద నమ్మకం లేదు. మార్చి 8న సభ పెట్టి మాకు శాలువాలు కప్పుతారు, 9వ తేదీన సర్వర్ గది తాళం మళ్లీ పాత జేబులోకే వెళుతుంది. మన జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైనది రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్లకు ఎవరూ నాయకత్వ శిక్షణ ఇవ్వలేదు. అక్షరాస్యత ఉద్యమంవారు పగలంతా కూలిపని చేసుకొచ్చే మనుషులు రాగలిగిన వేళలో, నడిచి రాగలిగిన చోట బడి పెట్టారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వాళ్ల బతుకు గురించే ఉంది. తక్కినది వాళ్లే చేశారు. వేళ, చోటు, పాఠం వాళ్లకు సరిపోయేలా పెట్టడమే అందులో జరిగిన ఏర్పాటు. మన సర్వర్ గదికి కూడా నేను అడిగేది అంతకంటే ఎక్కువ కాదు.

అలాంటి ఏర్పాటు మా దగ్గర ఎవరి తెలివివల్లా రాలేదు, పెన్నవల్ల వచ్చింది. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి కోసుకుపోయిన రోజులు మీకు గుర్తున్నాయి. ఊరు రెండు ముక్కలయింది. సర్వర్ గదికి పోగలిగినవారంతా నది ఒక ఒడ్డున చిక్కుకున్నారు. వారిలో ఒకరి ఇంట్లో మోకాళ్లలోతు నీళ్లు, ఇంకొకరి సెల్లు చార్జింగ్ లేక ఆగిపోయింది. అవతలి ఒడ్డున, కోవూరు వైపు, ఇన్వర్టరు, ఇంటర్నెట్టు రెండూ పనిచేస్తున్న ఇంట్లో మా అవుట్‌సోర్సింగ్ ప్రోగ్రామరు ఒకామె ఉంది. ఏడేళ్లుగా మా దగ్గరే పనిచేస్తున్నా ఆమెకు సర్వర్‌లోకి వెళ్లే అనుమతి ఎన్నడూ ఇవ్వలేదు. అవుట్‌సోర్సింగ్ మనిషి, పైగా ఆడమనిషి, పైగా తెలుగు మీడియంలో చదివి వచ్చిందని ఎవరికీ పెద్ద అంచనాలు లేవు. ఆ రాత్రి వేరే దారిలేక నేనే ఫోన్‌లో పాస్‌వర్డు చెప్పాను. అలా చెప్పడం భద్రతా నియమాలకు విరుద్ధం, మీరెవరూ చేయకండి, మరునాడే మార్చేశాం. ఆమె ఒక్కో సేవను వరుస ప్రకారం ఆపి, బ్యాకప్‌ను బయటి సర్వర్‌కు పంపి, యూపీఎస్ పూర్తిగా దిగేలోగా యంత్రాలను సురక్షితంగా ఆపింది. అంతా అయ్యాక చేసిన ప్రతి పనినీ గంటా నిమిషాలతో సహా తెలుగులో ఒక నోటుబుక్‌లో రాసిపెట్టింది. అంతకుముందు ముప్పై ఏళ్లలో మా సెంటర్‌లో ఎవరూ అలా రాయలేదు. రాయకపోవడమే మా బలం. అంతా మా తలల్లో ఉంటేనే కదా రాత్రి ఫోన్ మాకే వచ్చేది!

ఆ నోటుబుక్ నుంచే మేం పద్ధతి మార్చాం. సర్వర్ ఆగితే మొదట ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి, ఎప్పుడు పైవారిని లేపాలి అన్నది తెలుగులో, పనిచేసేవారికి అర్థమయ్యే మాటల్లో రాసి గోడకు తగిలించాం. రాత్రి బాధ్యతను వారానికొకరి చొప్పున వంతులు వేశాం. మొదటి నెలలో ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి, “ఏ వారం కుదరదు, రావలసి వస్తే ఎలా వస్తారు, ఇంటి నుంచే చేయడానికి ఏం కావాలి?” అని అడిగాం. ఈ అడగడం వినడానికి తేలికగా ఉంది గాని మాకు మూడు వారాలు పట్టింది. పది పనుల్లో ఎనిమిది ఇంటి నుంచే చేయవచ్చని అప్పుడు తేలింది. రాత్రి రావలసివస్తే విశ్వవిద్యాలయం బండి ఇంటికి వెళ్లాలని రిజిస్ట్రారు చేత ఉత్తర్వు వేయించాం. ఆ ఉత్తర్వు ఆడవారికి మాత్రమే అని మొదటి చిత్తులో ఉంటే నేను కొట్టేయించాను. బండి అందరికీ వస్తే అది వసతి, ఆడవారికి మాత్రమే వస్తే ఇంకో రెండేళ్లలో “బండి ఖర్చెందుకు, మగవాడినే పిలవండి” అనే మాట వస్తుంది. రాత్రి చేసిన పనికి మరునాడు సెలవు ఇచ్చాం. అప్పటిదాకా వద్దన్న మగవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లకూ ఇళ్లలో పసిపిల్లలు, మంచాన పడ్డ తల్లిదండ్రులు ఉన్నారనే సంగతి మేమెప్పుడూ అడగలేదు.

అన్నీ కుదిరాయని చెప్పను. వంతులు వేసిన మొదటి ఏడాది రెండుసార్లు సేవలు ఎక్కువసేపు ఆగిపోయాయి. కొత్తవారు భయపడి ఆలస్యంగా లేపారు. “పాత పద్ధతే నయం” అని ఉత్తరం కూడా వచ్చింది. పాతవారు కూడా మొదటిసారి అలాగే ఆలస్యం చేశారని, ఆ సంగతి రాసిపెట్టినవారు లేక మనకు గుర్తులేదని జవాబు రాశాను. కొనుగోలు కమిటీ మాత్రం నేను పదవీ విరమణ చేసేదాకా మారలేదు. ఆ అదనపు బాధ్యతల ఉత్తర్వులకు కాలపరిమితి పెట్టాలని, ఆసక్తి ఉన్నవారిని రాతపూర్వకంగా అడగాలని, ఎవరికి ఎన్నిసార్లు ఇచ్చారో పాలకమండలికి ఏటా చూపాలని మూడుసార్లు ఫైలు పెట్టాను. మూడుసార్లూ “చర్చించండి” అనే రాతతో తిరిగి వచ్చింది. ఆ ఫైలు ఇప్పుడు ఏ బీరువాలో ఉందో నాకు తెలుసు. ఇక్కడ ఉన్న వారిలో దాన్ని తీయగలిగినవారు ఇద్దరున్నారు, వారి పేర్లు చెప్పను.

ఏటా మొహర్రంలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు వెళ్లేవారికి ఒక ఆనవాయితీ తెలుసు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె అని వేర్వేరుగా ఉంటాయి. కోరిక ఉన్నవారు అందుకొంటారు, కోరిక తీరినవారు మరుసటి ఏడాది అదే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఆ చెరువులో ఎవరి కులమేమిటని అడగరు గాని, ఏ రొట్టె కావాలో మాత్రం కచ్చితంగా అడుగుతారు. నది అవతల నుంచి సర్వర్లు కాపాడిన ఆ అమ్మాయి ఇప్పుడు వేరే సంస్థలో రెగ్యులర్ పోస్టులో నెట్‌వర్క్ బాధ్యతలు చూస్తోంది. కిందటి నెల ఫోన్ చేసి, తన దగ్గర చేరిన కుర్రవాడొకడు చెవులు సరిగా వినపడవని రాత్రి వంతు వద్దంటున్నాడని, ఏం చేయాలని అడిగింది. ఫోన్ బదులు మెసేజీ పెడితే, మంచం పక్కన వణికే అలారం పెట్టుకుంటే సరిపోతుందేమో అతన్నే అడగమన్నాను. “అడిగాను మేడమ్, అతను అదే అన్నాడు. బిల్లు ఏ పద్దు కింద పెట్టాలో చెప్పండి” అంది.

ప్రశ్నలకు ఇరవై నిమిషాలు ఉన్నాయని నిర్వాహకులు అంటున్నారు. ముందుగా వెనుక వరుసలవారు అడగండి. మైకు అక్కడికి తీసుకువెళ్లండి బాబూ. డైరెక్టర్లు, ప్రిన్సిపాళ్లు దయచేసి చివరి ఐదు నిమిషాల దాకా ఆగాలి.